గుర్రుమంటే కొట్టకండి

2023 జనవరిలో హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌లో 23 ఏళ్ల డెలివరీ కుర్రాడు ఒకరు పార్సిల్ ఇవ్వడానికి ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకు వెళ్లాడు. ఆ ఇంట్లోని జర్మన్ షెపర్డ్ మీదికి దూసుకొచ్చింది. భయంతో పరిగెత్తిన కుర్రాడు పైనుంచి కిందపడి, ఆస్పత్రిలో ప్రాణాలు విడిచాడు. పోలీసులు యజమానిపై కేసు పెట్టారు.

పద్నాలుగు నెలల తర్వాత, 2024 మార్చి 12న, కేంద్రం రాష్ట్రాలకు ఓ లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలన్నది దాని సారాంశం. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదంటూ మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది.

జాబితాలకు జనం మద్దతు ఊరికే రాలేదు. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల వృద్ధురాలిని సొంత ఇంటి పిట్‌బుల్లే చంపింది. ఆ ఏడాది అక్టోబర్లో ఘజియాబాద్ నగరపాలక సంస్థ మూడు జాతులపై నిషేధం విధించింది. బలమైన దవడలున్న కుక్క కరిస్తే గాయం పెద్దదవుతుందన్నది కాదనలేని నిజం. అయితే ఏ కుక్క కరుస్తుందో జాతి పేరు చెప్పదు. 18,000కు పైగా కుక్కలను పరిశీలించి 2022లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేవి దాదాపు 9 శాతమే. కానీ జాబితా రాయడం తేలిక, ఇంటింటికీ వెళ్లి పెంపకాన్ని చూడటం కష్టం.

చాలా కుక్కలు కరిచే ముందు చెబుతాయి. మూతి నాక్కోవడం, అకారణంగా ఆవలించడం, తల తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఒళ్లు బిగబట్టడం, ఆపైన గుర్రుమనడం. తోక ఊపినంత మాత్రాన స్నేహమనుకోవడానికి లేదు. మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు కుక్క గుర్రుమనగానే కర్ర తీయడం. దెబ్బలకు భయపడ్డ కుక్క గుర్రుమనడం మానుతుంది, కోపం మానదు. ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన సర్వేలో, కొట్టినా తన్నినా 43 శాతం కుక్కలు తిరగబడ్డాయని తేలింది.

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క హఠాత్తుగా మొరటుగా మారితే ముందు వెళ్లాల్సింది పశువైద్యుడి దగ్గరకు. చెవి ఇన్ఫెక్షన్, కీళ్ల నొప్పి వంటివి ముట్టుకోనివ్వకుండా చేస్తాయి. మిగిలిన కారణాల్లో ప్రధానమైనది భయం. తల్లి నుంచి మరీ త్వరగా విడదీసిన పిల్లలకు, మూడు నెలలలోపు కొత్త మనుషులనూ శబ్దాలనూ చూడని పిల్లలకు ఇది ఎక్కువ. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. రోజంతా గొలుసుకు కట్టేసి ఉంచడం దానికి తోడవుతుంది. తిండి గిన్నె దగ్గర బెదిరించే కుక్క నుంచి గిన్నె లాక్కుంటే దాని అనుమానమే నిజమవుతుంది. దూరం నుంచి ఇంకా మంచి ముక్క వేస్తూ అలవాటు చేయాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. బయటకు తీసుకెళ్లేటప్పుడు నోరు తెరిచి ఆయాసపడటానికి వీలున్న బుట్ట రకం మజిల్ తగిలించాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో అంతా సర్దుకుంటుందన్నది అపోహే. భయంతో కరిచే కుక్కకు దానివల్ల ఒరిగేది తక్కువ.

కరిస్తే, టీకాలు వేయించిన కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డు గేటుకు తగిలిస్తే బాధ్యత తీరిపోయిందనుకునేవారు చాలామంది. చట్టం అలా అనుకోదు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బెల్ మోగగానే కుక్కను గదిలో పెట్టి గడియ వేసి, ఆ తర్వాత వీధి తలుపు తీయడానికి పట్టేది అర నిమిషం.