గోడ మీద బొగ్గు, ఒంట్లో గని

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో, బల్లార్‌పూర్‌కు దగ్గరగా, సాస్తి అనే ఊరుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాజురా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సరిహద్దు మారింది గాని నేల కింది బొగ్గు మారలేదు. వార్ధా లోయలోనూ, సింగరేణి గనులున్న గోదావరి లోయలోనూ ఉన్నది గోండ్వానా కాలపు బొగ్గే. ఆ సాస్తిలో 1986లో పుట్టిన ప్రభాకర్ పాచ్‌పుతే అనే కళాకారుణ్ణి ఈసారి మన విద్యార్థులకు పరిచయం చేస్తున్నాం. ఆయన తెలుగువారు కారు. కాని ఆయన బొమ్మల్లోని మనిషిని మనం ఎరుగుదుం.

పాచ్‌పుతే కుటుంబంలో తరతరాలుగా గని కార్మికులున్నారు. ఆయన మాత్రం ఖైరాగఢ్‌లోనూ, బరోడాలోనూ శిల్పకళ చదివారు. ఆయన చేసేది ఎక్కువగా ఇన్‌స్టలేషన్. అంటే చట్రం కట్టి తగిలించే బొమ్మ కాదు. గది మొత్తాన్నీ ఒక రచనగా మలచడం, చూసేవాడు అందులోకి నడిచి వెళ్లడం.

ఆయన ఎన్నుకున్న ముఖ్య సామగ్రి బొగ్గు. నేలలోంచి తవ్వినదాన్నీ, కట్టెను కాల్చి చేసినదాన్నీ తెలుగులో బొగ్గనే అంటాం; తేడా చెప్పాలంటే రాక్షసి బొగ్గు, కట్టెబొగ్గు అంటాం. పాచ్‌పుతే రెండోదానితో మొదటిదాని కథ చెబుతారు. కట్టెబొగ్గు బలహీనమైనది. వేళ్ల మధ్య పొడి అవుతుంది, చెయ్యి తగిలితే చెదురుతుంది. గోడ మీద ఆయన గీసిన పెద్ద బొమ్మలను ప్రదర్శన ముగిశాక చెరిపివేయడం కద్దు. శ్రమించిన శరీరం కూడా అంతే కదా! గని మూసేసరికి ఆ మనిషి ఆనవాలు ఎక్కడా మిగలదు.

ఆ బొమ్మల్లో చాలామందికి తల ఉండదు. దాని స్థానంలో ఒక దీపమో, పనిముట్టో ఉంటుంది. ఇది వింత కోసం చేసింది కాదని మా అభిప్రాయం. చీకటి గనిలో ఎదుటివాడి ముఖం కనబడదు, నెత్తి మీది దీపమే కనబడుతుంది. ఏళ్ల తరబడి చేసిన పని ఒంట్లో ఒక అవయవమై నిలిచిపోతుంది. శరీరానికి జ్ఞాపకం ఉంటుందనడంలోని అర్థం ఇదే.

ముంబైలో 2012లో జరిగిన ఆయన ప్రదర్శన పేరు 'కెనరీ ఇన్ ఎ కోల్ మైన్'. విషవాయువును పసిగట్టడానికి బ్రిటిష్ గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకువెళ్లేవారు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు పైకి పరుగెత్తేవారు. ఆ పద్ధతికి స్వస్తి చెబుతున్నట్లు అక్కడ ప్రకటించింది కూడా 1986లోనే. సున్నితమైన ప్రాణమే ముందుగా ప్రమాదం చెబుతుంది. ఆ పని ఇప్పుడు కళాకారుడిదని ఆ పేరు సూచిస్తున్నది. బొగ్గు గనులకు పేరుపడ్డ వేల్స్‌లో, 2021లో ఆర్టెస్ ముండి బహుమతిని ఆరుగురు కళాకారులకు కలిపి ఇచ్చినప్పుడు వారిలో ఆయన ఒకరు.

చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో పెరిగిన మన విద్యార్థులకు ఒక మాట. మీ ఇళ్లలో గనిలో పనిచేసిన పెద్దలుంటే, తట్టా చెమ్మసూ పట్టిన రోజులను గురించి అడగండి. వారు చెప్పే మాటలతో పాటు, చెబుతున్నప్పుడు వారి చేతులు ఎలా కదులుతాయో కూడా గమనించి రాసుకోండి. నిఘంటువుకెక్కని తెలుగు కొంత అక్కడ ఉంది. గోడ మీది బొగ్గులాగే అదీ త్వరగా చెరిగిపోయేదే.