కడుపునొప్పి మాత్రలో నల్లమందు

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ కన్సల్టెంటుని. సోమవారం పొద్దున్నే విమానం ఎక్కి, గురువారం రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం. దానికి తోడు ఐ.బి.ఎస్. అంటే పరీక్షలన్నీ బాగానే ఉంటాయి, కడుపు మాత్రం మెలిపెడుతుంది, మీటింగు మధ్యలో పరుగు తీయిస్తుంది. మన ఇళ్ళల్లో చాలామందికి ఉన్నదే, సిగ్గుపడి చెప్పుకోరంతే.

ఆ మధ్య మా అమ్మ ఇండియా నుంచి వస్తూ పది స్ట్రిప్పులు కడుపునొప్పి మాత్రలు తెచ్చింది. "మందుల షాపతను ఇచ్చాడురా, వేసుకుంటే చేత్తో తీసేసినట్టు పోతుంది" అంది. నిజంగానే పోయింది. నొప్పితో పాటు ఆఫీసు చికాకు కూడా పోయింది! నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రెండు నెలలయ్యాక, నొప్పి లేని రోజు కూడా వేసుకుంటున్నానని మా ఆవిడ పట్టుకుంది. స్ట్రిప్పు వెనక చదివితే డైసైక్లోమిన్, పారాసిటమాల్, ట్రమడాల్ అని ఉంది. మొదటి రెండూ సరే. మూడోది నల్లమందు వర్గంలోది. అమెరికాలో 2014 నుంచి, ఇండియాలో 2018 నుంచి దాని మీద మాదకద్రవ్యాల చట్టం ఉంది. పాపం అమ్మ అది హ్యాండుబ్యాగులో పెట్టుకుని వచ్చింది.

ఇది కొత్త కథ కాదు. స్పాస్మో ప్రాక్సివాన్ అని నీలం క్యాప్సూల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ కడుపునొప్పికే. అందులో ఉన్న డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్‌కి ఎంతోమంది కుర్రాళ్ళు బానిసలయ్యారు. ఆ మందుని అమెరికాలో 2010 లో, ఇండియాలో 2013 లో ఆపేశారు. దాని స్థానంలోకి వచ్చింది ట్రమడాల్.

అసలు పేగులకీ నల్లమందుకీ ఏమిటి సంబంధం? నల్లమందు విరేచనాలు కట్టేస్తుందని మన పాతవాళ్ళకి తెలుసు. మెదడులో ఆ మందు పట్టుకునే గ్రాహకాలే పేగుల్లోనూ ఉన్నాయి. అక్కడ పట్టుకుంటే కదలిక నెమ్మదిస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ఇమోడియం కూడా ఈ జాతే. కాకపోతే దాన్ని మెదడు గుమ్మంలోనే ఒక పంపులాంటి ప్రోటీను బయటికి తోసేస్తుంది. అందుకే మామూలు మోతాదులో మత్తు ఉండదు. గుప్పెళ్ళతో మింగితే ఆ పంపు చాలదు, పైగా గుండె లయ తప్పి ప్రాణం మీదకొస్తుంది. 2016 లో ఎఫ్.డి.ఏ. ఈ హెచ్చరిక చేసింది, 2019 లో ఒక్కో పెట్టెలో 48 మిల్లీగ్రాములకి మించకుండా చేయించింది. లోమోటిల్‌లో ఇంకో ఉపాయం: కావాలనే కాస్త అట్రోపిన్ కలుపుతారు, ఎక్కువ మింగినవాడికి నోరెండి గుండె దడ పుట్టేలా. 2015 లో ఐ.బి.ఎస్. కోసమే అనుమతి పొందిన వైబర్జీ కూడా నియంత్రిత మందుల జాబితాలోనే ఉంది. పిత్తాశయం తీసేసినవాళ్ళు దాన్ని అసలు వాడకూడదు.

ఇవన్నీ చెడ్డ మందులని కాదు. డాక్టరు చెప్పిన మోతాదులో ఇమోడియం నేనిప్పటికీ వేసుకుంటాను. నన్ను దెబ్బ తీసింది వేరే సంగతి. ట్రమడాల్ ఒక్కసారిగా మానేశాను. రెండో రోజుకి చెమటలు, నిద్ర లేదు, కడుపు మెలి, విరేచనాలు. "చూశావా, జబ్బు తిరగబెట్టింది" అనుకుని మళ్ళీ ఒకటి వేసుకున్నాను. గంటలో హాయి. అది జబ్బు కాదండీ, మందు అందక ఒళ్ళు చేసిన గోల. రెండింటి లక్షణాలూ ఒకటే కావడంతో తేడా తెలియదు. పైగా ఈ రకం మందులు చాలాకాలం వాడితే కొందరికి పేగుల నొప్పి తగ్గడానికి బదులు పెరుగుతుందట, దానికి డాక్టర్లు వేరే పేరే పెట్టారు.

చివరికి స్ట్రిప్పు పట్టుకెళ్ళి మా డాక్టరు ముందు పెట్టాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, రోజుకెన్ని వేసుకుంటున్నానో లెక్క అడిగి, వారం వారం తగ్గించుకుంటూ రమ్మంది. నెల పైన పట్టింది. మిగిలినవి ఫార్మసీలో పాత మందులు వేసే డబ్బాలో పడేశాను. అమ్మ మాత్రం ఇంకా నమ్మలేదు. ఫోన్లో ఎప్పుడు మాట వచ్చినా, "కడుపునొప్పి మాత్రేగా నాయనా" అంటుంది.