అడ్డపొగ

మా సరూర్‌నగరు చెరువు దాపున లేచుచున్న మేడల పనికి శ్రీకాకుళపు సీమనుండి వచ్చిన కుటుంబములు పెక్కు కలవు. వారిలో నొక ముసలమ్మ మా యింట అంట్లు తోముచుండెడిది. పని ముగియగానే పెరటి మెట్టుపై కూర్చుండి, చుట్ట వెలిగించి, నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి పెదవులు మూసికొనెడిది. మొదటిసారి చూచి "అయ్యో, నోరు కాలును!" అని యరచితిమి. ఆమె నవ్వి, "మా ఊళ్ల ఆడోళ్లం ఇలాగే కాలుస్తామమ్మా" యనెను.

దీనినే అడ్డపొగ యందురు. గాలికి ఆరదనియు, నుసి చంకలోని బిడ్డపై రాలదనియు చెప్పుదురు. మాట బాగుగనే యున్నది గాని, ఆ వేడియు పొగయు తిన్నగా అంగిటికి తగులును. అంగిట రాచపుండు పుట్టుట ఇతరులలో అరుదు, వీరిలో తఱచు. విశాఖపట్టణపు ప్రాంతమున గల యీ వ్యాధిని గూర్చి బొంబాయి వైద్యులు ఖనోల్కరు, సూర్యాబాయి 1945లోనే వ్రాసిరి. తరువాత డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గు పండితుడు మనదేశపు వైద్యులతో గూడి శ్రీకాకుళపు పల్లెలలో 10,169 మంది నోళ్లు పరీక్షించిన సంగతులను 1971లో ప్రకటించెను. మొదట అంగిలి తెల్లబారును. ఆ తెలుపులో నెఱ్ఱని చుక్కలు లేచును. నొప్పి యుండదు. చిక్కంతయు నచ్చటనే యున్నది.

మా ముసలమ్మయు "చిన్న పుండమ్మా, నొప్పి నేదు" అన్నది. మేమును పటికనీళ్లు పుక్కిలింపుమని చెప్పి యూరకుంటిమి. ఇంత చదివినవారమయ్యు నోరు తెరువుమని యడుగలేదు! రెండు నెలలు గడచిన పిదప పై పన్ను కదలుచున్నదనగా, దీపము పట్టి చూచి నిశ్చేష్టులమైతిమి.

మఱునాడే దిల్‌సుఖ్‌నగరులో మెట్రో యెక్కి, ఎక్కడను బండి మారకుండ లక్డీకాపూల్‌లో దిగి, మెహదీ నవాజ్ జంగ్ పేరిట నున్న ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి చేరితిమి. పుండునుండి చిన్నముక్క తీసి పరీక్షించి, వ్యాధి యెముకను పట్టినదని తేల్చిరి. శస్త్రచికిత్సలో అంగిటి యెముక కొంత పోయినది. ఆ రంధ్రమును మూయుటకు కట్టుడుపళ్లవంటి పలక యమర్చిరి. అది తీసినచో త్రాగిన నీరు ముక్కున వచ్చును, మాట తెలియదు.

చుట్ట మనమెఱుగమని చదువరులు పుట త్రిప్పవలదు. జర్దా పాను, గుట్కా చెంపను చిగురును పట్టును. అచ్చటి పుండు క్రింది దవడయెముకలోనికి దిగును. పొగాకు లేని వక్కయు క్యాన్సరు కలిగించునని ప్రపంచారోగ్యసంస్థ పరిశోధకులు 2004లో వెలువరించిన గ్రంథమున నిర్ణయించిరి. రొమ్మున పుట్టినదియు నరుదుగా దవడకు ప్రాకును. అపుడు పంటినొప్పివలె తోచి, గడ్డమును క్రింది పెదవియు తిమ్మిరెక్కును. రెండు వారములలో మానని పుండు, పన్ను పీకించినను పూడని గుంట, నానాటికి తెరుచుకొనని నోరు, మెడలో గట్టి గడ్డ — వీనిలో నేది కనబడినను వైద్యునకు చూపవలెను.

ముసలమ్మ కూతురును అడ్డపొగ త్రాగును. మొన్న ఆదివారము ఆమెను పెరటి మెట్టుపై కూర్చుండబెట్టి నోరు చూచితిమి. అంగిలి తెల్లబారియున్నది; పుండు లేదు. చుట్ట మానినచో ఆ తెలుపు తగ్గవచ్చునని చెప్పి, చేతనున్న కట్ట అడుగగా, సగమిచ్చి సగము కొంగున దాచినది. సోమవారము ఆమెను గూడ ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవుచున్నాము.