గురి తప్పితే తప్పెవరిది?

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు గెలిచిన నాటినుండి మా మేనల్లుడికి ఎయిర్ పిస్తోలు పిచ్చి పట్టింది. తండ్రి అప్పుచేసి కొనిపెట్టాడు. గుండు ఎడమకు పోతే వాడు వెంటనే సైటు మర తిప్పేవాడు. మరొకటి కుడికి పోతే మళ్లీ తిప్పేవాడు. వారం తిరక్కుండానే పిస్తోలు మంచిది కాదు, వేరొకటి కావాలన్నాడు!

నేర్పే మాస్టారు నవ్వి, మర ముట్టకుండా ఒకే తీరున ఐదు గుండ్లు కాల్చమన్నారు. అవి అట్టనిండా చెదిరితే లోపం చేతిది. ఒకేచోట గుమిగూడి, ఆ చోటు నడిమికి దూరమైతేనే సైటు సవరించాలి. గుండు ఎటు జరగాలో వెనుక సైటును అటే జరపాలి. ముందు సైటునైతే అందుకు ఎదురుగా. అదీ వెంట్రుకవాసి మాత్రమే. రెండు సైట్ల నడుమ 32 సెంటీమీటర్లుంటే, వెనుకది 1 మిల్లీమీటరు జరిపితే 10 మీటర్ల దూరాన గుండు సుమారు 31 మిల్లీమీటర్లు జరుగుతుంది. పది మార్కుల వలయం అడ్డుకొలతో, 11.5 మిల్లీమీటర్లే!

మావాడి ఐదు గుండ్లూ అట్టనిండా చెదిరాయి. మా బావకు రెండో అప్పు తప్పింది. ఇప్పుడు వాడు మర జోలికి పోకుండా చేతిని దిద్దుకొంటున్నాడు.