టవరు మొర పెడుతోంది... ఆలకించే వారెవరు?

ఊరి చివర టవరు. చుట్టూ కంచె, లోపల ఇనుప బీరువాల వంటి పెట్టెలు. చాలాచోట్ల కాపలా మనిషి కూడా ఉండడు. గాలివానకు కరెంటు పోతే ఆ టవరుకు బ్యాటరీలే ఆధారం. అవి లాగేది కొద్ది గంటలే. తర్వాత జనరేటరు నడవాలి, అందులో డీజిలు ఉండాలి. లేకుంటే ఊళ్లో ఫోన్లు మూగబోతాయి. అర్ధరాత్రి గర్భిణికి నొప్పులు వస్తే 108కి ఫోను చేద్దామన్నా దిక్కుండదు.

అయితే టవరు చెప్పకుండా ఆగిపోదు. కరెంటు పోతే ఒక కబురు, బ్యాటరీ తగ్గితే మరొకటి, ఎవరైనా తలుపు తీస్తే ఇంకొకటి పంపుతుంది. ఎక్కడో నగరంలోని కేంద్రంలో అవి తెరపై కనిపిస్తాయి. వీటినే అలారాలంటారు.

నాడు గంట, నేడు తెర

పూర్వం స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీల్లో ఫ్యూజు పోతే గంట మోగేది, ఎర్రదీపం వెలిగేది. మెకానిక్ దీపాన్ని బట్టి ఆ వరుసకు వెళ్లి సరిచేసేవాడు. ఇప్పుడు అలారం చూసేవాడు ఒకచోట, బాగు చేయాల్సిన యంత్రం వంద మైళ్ల అవతల.

అందుకే అలారాలకు తరగతులు పెట్టారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1992లో వెలువరించిన ‘ఎక్స్.733’ ప్రమాణంలో ఇవి ఉన్నాయి. ‘క్రిటికల్’ అంటే తక్షణం కదలాలి. ‘మేజర్’ అంటే త్వరపడాలి. ‘మైనర్’ అంటే ముదరకముందే చూడాలి. ‘వార్నింగ్’ ముందస్తు హెచ్చరిక. లోపం తీరితే ‘క్లియర్’ అని వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, రోడ్డు పనుల్లో పొక్లెయిన్ ఒక కేబులు తెంపితే దాని వెనకున్న టవర్లన్నీ ఒక్కసారే గగ్గోలు పెడతాయి. అసలు తెగింది ఎక్కడో ఆ గోలలో పట్టుకోవాలి. రోజూ వచ్చే ‘కరెంటు లేదు’ కబురుకు అలవాటుపడిన కన్ను ‘బ్యాటరీ అయిపోతోంది’ అన్న కబురును కూడా దాటేసే ప్రమాదం ఉంది.

అందరికీ అన్ని తాళాలు ఉండవు

బ్యాంకు ఖజానాకు రెండు తాళాలు, ఇద్దరు మనుషులు ఉన్నట్లే ఇక్కడా కట్టుబాటు ఉంది. కొందరు అలారం చూడగలరు, అంతే. కొందరు ‘చూశాం’ అని నమోదు చేయగలరు. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపే అధికారం ఇంజనీరుది. ఎవరికి ఏ అధికారమో నిర్ణయించేది పైస్థాయి నిర్వాహకుడు. ఎవరు ఏం చేశారో యంత్రం రాసి పెడుతుంది. పని తొందరలో ఒకరి పాస్‌వర్డ్ పదిమంది వాడితే ఆ రాతకు విలువ ఉండదు.

ఈ తాళాలు ఎందుకో గ్రీసు దేశం అనుభవం చెబుతుంది. అక్కడ 2004-05లో ఒక మొబైల్ సంస్థ ఎక్స్ఛేంజీల్లో దొంగ ప్రోగ్రాం చేరింది. ప్రధానమంత్రి ఫోనుతో సహా వందకు పైగా ఫోన్లపై నెలల తరబడి నిఘా సాగింది. ఆ ప్రోగ్రాం తన జాడ నిర్వాహకులకు కనిపించకుండా దాచుకుంది.

కదలాల్సింది మనిషే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు ఫోన్లు మూగబోయి జనం నానా ఇక్కట్లు పడ్డారు. అలాంటి వేళ కబురు పంపే దారే తెగిపోతుంది. కనుక వానలకు ముందే బ్యాటరీలు పరీక్షించడం, డీజిలు నిల్వ ఉంచడం, కబురు అందగానే బయలుదేరే మనిషిని దగ్గర్లో పెట్టడం అవసరం. తెరపై ఎర్రగుర్తు వెలిగినంత మాత్రాన ఊళ్లో ఫోను మోగదు.