డీఎస్ఎల్ఆర్ కొంటున్నారా? ఫొటోకు ఒక లెక్క, వీడియోకు ఇంకో లెక్క



వార్షికోత్సవాలు, ఎండాకాలం సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలా ఇళ్లలో కెమెరా మాట వస్తుంది. ఫొటోగ్రఫీ క్లబ్‌లో చేరిన అమ్మాయి "నాన్నా, ఫోన్‌తో కుదరట్లేదు, డీఎస్ఎల్ఆర్ కావాలి" అంటుంది. స్నేహితులతో కలిసి షార్ట్‌ఫిల్మ్ తీయాలనుకునే అబ్బాయీ అదే అడుగుతాడు. మాట ఒకటే అయినా ఇద్దరికీ కావలసిన కెమెరా ఒకటి కాకపోవచ్చు. లెన్సు, ట్రైపాడ్, మైకు కలుపుకుంటే ఇది చిన్న ఖర్చు కాదు. తీరా కొన్నాక మూడు నెలలకే బీరువా ఎక్కితే డబ్బు పోవడంతో పాటు పిల్లల ఉత్సాహం కూడా చల్లారిపోతుంది. అందుకే షాపుకి వెళ్లే ముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

లోపలి అద్దం చేసే పని

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురును అది పైకి పంపితే వ్యూఫైండర్‌లో మనకు దృశ్యం కనిపిస్తుంది. కొంత వెలుతురు అడుగున ఉన్న ఫోకస్ సెన్సార్‌కు వెళ్తుంది. ఫొటోకు ఫోకస్ చటుక్కున కుదిరేది దానివల్లే. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుని అసలు సెన్సార్ మీద బొమ్మ పడుతుంది.

వీడియో తీసేటప్పుడు ఆ అద్దం పైకి లేచే ఉండాలి. అప్పుడు వ్యూఫైండర్‌లో ఏమీ కనిపించదు, వెనక స్క్రీన్ చూస్తూ తీయాలి. అడుగున ఉన్న ఫోకస్ సెన్సార్‌కూ వెలుతురు అందదు. అందుకే ఫొటోల్లో చురుగ్గా ఉండే కెమెరా వీడియోలో ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. నికాన్ డీ3500, డీ5600 లాంటివి ఈ కోవలోవే.

డీఎస్ఎల్ఆర్‌లలోకి వీడియో వచ్చింది 2008లో. ఆ ఏడాది నికాన్ డీ90తో అది మొదలైంది, కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీ తెచ్చింది. ఫోకస్ తడుములాట మాత్రం అలాగే ఉండిపోయింది. 2013లో కెనాన్ 70డీ మోడల్‌తో, సెన్సార్ మీదే ఫోకస్ పట్టే 'డ్యూయల్ పిక్సెల్' పద్ధతి తెచ్చింది. 200డీ, 200డీ మార్క్ 2 మోడళ్లలో ఇది ఉంది. ఇక్కడొక మెలిక ఉంది. 200డీ మార్క్ 2లో 4కే పెడితే ఈ పద్ధతి పనిచేయదు, దృశ్యం అంచులు కూడా కత్తిరించినట్టు తగ్గిపోతాయి. డబ్బా మీద 4కే అని ఉన్నా ఆ కెమెరాతో హాయిగా తీయగలిగేది ఫుల్ హెచ్‌డీలోనే.

మెగాపిక్సెళ్ల కంటే లెన్సు ముఖ్యం

షాపులో మొదట చెప్పేది మెగాపిక్సెళ్ల గురించే. పెళ్లి ఆల్బమ్‌లో 12 అంగుళాలకు 18 అంగుళాల పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే కావలసింది సుమారు 19.4 మెగాపిక్సెళ్లు. చాలా ప్రాథమిక డీఎస్ఎల్ఆర్‌లలో 24 ఉంటాయి. అంటే ఇంటి అవసరానికి అంతకు మించి డబ్బు పెట్టనక్కర్లేదు.

తేడా తెచ్చేది లెన్సు. కెమెరాతో వచ్చే 18–55 మిల్లీమీటర్ల కిట్ లెన్సు జూమ్ చివర్లో ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. ఇంట్లో పుట్టినరోజు కేకు దగ్గర, దీపావళి రాత్రి వాకిట్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పిల్లల ముఖం స్పష్టంగా ఉండి వెనకభాగం మెత్తగా మసకబారే ఫొటోలు వచ్చేదీ ఇలాంటి లెన్సుతోనే. ఇది జూమ్ కాదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. నేర్చుకునే పిల్లలకు ఆ నడకే మంచి శిక్షణ.

స్టేజీ లెక్క వేరు. మీరు 20 మీటర్ల దూరంలో కూర్చుంటే 55 మిల్లీమీటర్ల దగ్గర ఫ్రేములోకి సుమారు 8 మీటర్ల వెడల్పు వస్తుంది. అంటే దాదాపు స్టేజీ అంతా కనిపిస్తుంది, మీ పాప అందులో చిన్న బొమ్మలా ఉంటుంది. 250 మిల్లీమీటర్ల దగ్గర ఆ వెడల్పు రెండు మీటర్లలోపుకు తగ్గుతుంది, పాప నిండుగా కనిపిస్తుంది. డాన్సు ఫొటోలు కావాలంటే 55–250 లేదా 70–300 లెన్సు కావాలి.

నికాన్ తీసుకునేవారికి ఒక జాగ్రత్త. డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 డీ లెన్సు తక్కువ ధరకు దొరుకుతుంది కానీ వాటి మీద ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న 1.8 జీ లెన్సు అడగండి.

వీడియోకు అదనంగా చూడవలసినవి

మైకు పెట్టే చోటు: కెమెరాలో ఉండే మైకు లెన్సు మోటార్ చప్పుడు కూడా పట్టేస్తుంది. బయటి మైకు పెట్టుకోవడానికి 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉందో లేదో చూడండి. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500లలో అది లేదు.

తిరిగే స్క్రీన్: తనను తానే తీసుకునే పిల్లలకు స్క్రీన్ ముందు వైపుకు తిరగాలి.

నిడివి: చాలా డీఎస్ఎల్ఆర్‌లు ఒక విడతలో అరగంటకు మించి రికార్డ్ చేయవు. ప్రోగ్రామ్ మొత్తం ఏకబిగిన తీయాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కార్డు: సెకనుకు 30 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు 13–14 జీబీ తింటుంది. 120 మెగాబిట్ల 4కే అయితే 54 జీబీ. వీ30 గుర్తున్న కార్డు తీసుకోండి.

ట్యూబ్‌లైట్ల మినుకు: మన కరెంటు 50 హెర్ట్జ్. వీడియోను సెకనుకు 25 ఫ్రేములకు, షట్టర్‌ను 1/50కి పెడితే లైట్ల కింద చారలు, మినుకులు చాలావరకు పోతాయి. డాన్సు ఫొటోకు మాత్రం 1/250 లేదా అంతకంటే వేగం కావాలి.

అద్దం లేని కెమెరాల సంగతి

కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్లు తేలేదు. వాటి దృష్టంతా మిర్రర్‌లెస్ కెమెరాల మీదే ఉంది. వీటిలో అద్దం లేదు కాబట్టి ఫొటోకూ వీడియోకూ ఫోకస్ ఒకే తీరుగా పనిచేస్తుంది. సోనీ జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్30, కెనాన్ ఆర్50 ఈ తరహావే. అలాగని డీఎస్ఎల్ఆర్ పనికిరాకుండా పోలేదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతాయి. షట్టర్, అపెర్చర్, ఐఎస్ఓ నేర్చుకోవడానికి అది ఇప్పటికీ మంచి బడి.

కొనేటప్పుడు

జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు లేకుండా కొత్త కెమెరా తీసుకోకండి. కోఠి గుజరాతీ గల్లీలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా ఇదే నియమం. బిల్లు లేని ధర తక్కువగా కనిపిస్తుంది కానీ రిపేరు వస్తే భారం మీదే.

సెకండ్ హ్యాండ్ అయితే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగండి. ప్రాథమిక మోడళ్ల షట్టర్లకు సాధారణంగా లక్ష క్లిక్కుల లెక్క చెబుతారు. నికాన్ ఫొటో ఫైలులో ఆ సంఖ్య నమోదై ఉంటుంది. లెన్సును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. లోపల సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవారు కొన్నాక కూడా కెమెరాను సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచాలి.

మరి మీ ఇంటికి ఏది?

పుట్టినరోజులు, ప్రయాణాలు మాత్రమే అయితే మంచి ఫోను చాలు. ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనే పిల్లలకు ప్రాథమిక డీఎస్ఎల్ఆర్, 50 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతాయి. బాడీ సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదు. వీడియోనే ప్రధానమైతే మిర్రర్‌లెస్ చూడండి. డీఎస్ఎల్ఆరే కావాలంటే డ్యూయల్ పిక్సెల్, మైకు సాకెట్, తిరిగే స్క్రీన్ ఉన్నదే తీసుకోండి. బడ్జెట్ అంతా బాడీ మీద పెట్టకుండా లెన్సుకు, కార్డుకు, ట్రైపాడ్‌కు, వీడియో అయితే మైకుకు కూడా విడిగా ఉంచుకోండి.

ఇది సరదాగానే మిగలాలని కూడా లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ చదవవచ్చు. పిల్లల ఆసక్తి నిలిచేదా కాదా తెలుసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. ఒక నెలపాటు ఫోన్‌తోనే రోజుకో ఫొటో తీయమనండి. వారానికోసారి మీరిద్దరూ కూర్చుని అందులో బాగా వచ్చినదేదో, ఎందుకో మాట్లాడుకోండి. నెల నిండేసరికి "చీకట్లో సరిగ్గా రావట్లేదు", "దూరంగా ఉన్నది అందట్లేదు", "మాట వినబడట్లేదు" అని పిల్లలే చెబుతారు. ఏ లెన్సు కొనాలో, మైకు కావాలో వద్దో ఆ మాటల్లోనే తేలిపోతుంది. షాపుకి వెళ్లేటప్పుడు వారినీ వెంట తీసుకెళ్లండి.