ప్రశ్న అడిగిన తరువాత బోధకుని మౌనము

తరగతిలో మనము ప్రశ్న అడుగుతాము. విద్యార్థులు నోరు విప్పకముందే జవాబు మనమే చెప్పివేస్తాము. అమెరికాలో సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లకు మించి ఆగినప్పుడు జవాబులు విపులమై, మాట్లాడనివారు సైతం మాట్లాడుతున్నారని 1974లో వివరించారు.

వేదాంత కళాశాలలలో ఈ ఆగుట మరింత అవసరము. తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన విద్యార్థి ఆంగ్లములో విన్న ప్రశ్నను తెలుగులో ఆలోచించి, జవాబును తిరిగి ఆంగ్లములో కూర్చుకోవాలి. అతని మౌనమును అజ్ఞానమని ఎంచి మనము ముందు వరుసవైపు తిరిగితే, చదువు ముగిసేవరకు అతడు నోరు తెరవడు. ఈ పొరపాటు మేమూ చేశాము. రేపు సంఘములో ప్రశ్నలను సహించని కాపరి ఇటువంటి తరగతినుండే రావచ్చును.

లూకా 10వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడు ప్రశ్నించగా, ధర్మశాస్త్రమును అతడెలా చదువుతున్నాడో ప్రభువు తిరిగి అడిగారు. ఉపమానము ముగించి, పొరుగువాడెవడో అతనిచేతనే చెప్పించారు.

కాబట్టి ప్రశ్న వేసి, 2 నిమిషాలు తమకు వచ్చిన భాషలో వ్రాసుకోనివ్వాలి. ప్రక్కవారితో పంచుకున్న తరువాతే జవాబులు వినాలి. సిలబస్ పూర్తికాదనే భయము నిజమే. అందుచేత మేము పీరియడుకు ఒక్క ప్రశ్నకే ఇలా సమయమిస్తున్నాము.